ఏసుక్రీస్తు కోరిన ఆరాధన

గత క్రిస్మస్ పండుగకు పది దినములు ముందు, ఒకనాటి సాయంకాలము, మా పఠనమందిరమునకు తరచుగా వచ్చు క్రైస్తవ విద్యార్థి యొకడు నన్ను చూడవచ్చెను. అతడు కళాశాలలో చరిత్ర చదువుచున్నాడు. కొంతసేపు ఇటునటు మాటలాడిన పిమ్మట తన మనస్సులోని సందేహమును ఇట్లు బయలుపెట్టెను.

"స్వామీజీ, మా గుడికి పండుగ కొరకు క్రొత్త దీపములు, క్రొత్త ధ్వనివర్ధకములు తెప్పించినారు. గోడపై పాటలు కనబడుటకు పెద్ద తెర అమర్చినారు. నెలనాళ్లుగా పాటల అభ్యాసము జరుగుచున్నది. నాకు వీనియందు ద్వేషము లేదు. నేనును పాడువారిలో ఒకడను. కాని సువార్తలను చదివినప్పుడెల్ల ఒక ప్రశ్న నన్ను వదలుట లేదు. ఆ నజరేతు వడ్రంగి ఏదో యొక ఆదివారమున వచ్చి మా వెనుక వరుసలో కూర్చున్నచో, తాను కోరినది ఇదియే యని అనునా?"

నేను వెంటనే బదులు చెప్పలేదు. పరమతస్థుల పూజను తూచుట మిక్కిలి సులభమైన పని; అందుచేతనే అది ప్రమాదకరము. ధనము చెల్లించినవారికి దగ్గరి దర్శనమును, చెల్లింపలేనివారికి దూరపు దర్శనమును కల్పించు దేవాలయములు మనకు లేకపోలేదు. గురువు పాదుకలను వెండితో చేయించి, గురువు చెప్పిన మాటను మరచిన శిష్యులును మనలో కొదువ లేరు. అట్టి మనము పొరుగువారి ప్రార్థనామందిరమున నిలిచి తీర్పు చెప్పబూనుట తగదు. కావున "పండుగ గడచిన పిమ్మట మాటలాడుకొందము" అని అతనిని పంపివైచితిని. ఈ వ్యాసము అతనికి నేను చెప్పిన సమాధానమే. ఈ ప్రశ్న క్రైస్తవులకు మాత్రమే చెందినది కాదని తోచుటచేత దీనిని పాఠకుల ముందుంచుచున్నాను.

ఆయన ఆరాధించిన విధము

ఏసు యూదుడై జన్మించెను, యూదుడై జీవించెను. ఈ సంగతిని మరచినచో ఆరాధననుగూర్చి ఆయన పలికిన మాటలన్నియు అపార్థమునకు లోనగును. విశ్రాంతిదినమున సమాజమందిరమునకు పోవుట ఆయనకు వాడుక యని లూకా వ్రాసినాడు. నజరేతులో లేచి యెషయా ప్రవక్త గ్రంథమును చదివినది అట్టి మందిరముననే. పండుగలకు యెరూషలేమునకు పోయెను. అచ్చటి దేవాలయ ప్రాంగణమున బోధించెను. కుష్ఠరోగి నొకనిని స్వస్థపరచిన పిమ్మట, యాజకునికి కనబడి మోషే ధర్మము విధించిన కానుకను సమర్పింపుమని వానికి ఆదేశించెను. ఆచారమును ద్వేషించువాడు ఇట్టి ఆదేశమీయడు.

ఆయన జీవితమున ఈ సామూహిక ఆరాధనతోపాటు మరియొక ప్రవాహము కలదు. తెల్లవారకమున్నే లేచి నిర్జనప్రదేశమునకు పోయి ప్రార్థించుచుండెను. రాత్రి యెల్ల కొండపై ప్రార్థనలో గడపిన సందర్భము కూడ సువార్తలలో వర్ణింపబడినది. మన దేశమున సాధకులు బ్రాహ్మీముహూర్తమున ఏ ఏకాంతమును వెదకుదురో, ఆ ఏకాంతమునే ఆయనయు వెదకెను. జనుల మధ్య చేసిన పనికంతకును వెనుక ఎవ్వరును చూడని ఆ గడియలు ఉన్నవి.

దేవాలయమునందు ఆయన ఆగ్రహించిన ఘట్టము ప్రసిద్ధము. రూకలు మార్చువారి బల్లలను పడద్రోసెను. దీనిని బట్టి ఆయన దేవాలయమునకే విరోధి యని కొందరు తలచెదరు. విరోధియైనవాడు ఆ దేవాలయమును తన తండ్రి గృహమని చెప్పుకొనునా? ఇల్లు తనది యను అభిమానము కలవానికే దాని మాలిన్యము బాధ కలిగించును. ఆ గృహము తరువాత ఎంతో కాలము నిలువలేదు. 70వ సంవత్సరమున రోమను సైన్యము దానిని నేలమట్టము గావించెను.

ఆయన విధించినవి, విధింపనివి

ఆరాధనను గూర్చి ఏసు తన శిష్యులకు విధించినదేమని సువార్తలను గాలించినచో మనకు ఆశ్చర్యము కలుగును. వారమునకు ఏ దినమున కూడవలెనో చెప్పలేదు. మందిరమెట్లుండవలెనో, అర్చకుడు ఏ వస్త్రము ధరింపవలెనో, ఏ వాద్యము వాయింపవలెనో, అసలు వాయింపవచ్చునో కూడదో చెప్పలేదు. మన ఆగమశాస్త్రములవలె, లేక యూదుల లేవీకాండమువలె, పూజావిధానమును వివరించు గ్రంథమేదియు ఆయన వదలి పోలేదు. ఆల్బర్ట్ ష్వైట్జర్ 1906లో ప్రకటించిన సుప్రసిద్ధ గ్రంథమున, ఏసు దైవరాజ్యము అతి సమీపమున నున్నదని నమ్మిన ప్రవక్త యని వాదించెను. ఆ వాదమును సంపూర్ణముగా అంగీకరింపనివారు కూడ ఒక విషయమును ఒప్పుకొందురు: రెండువేల సంవత్సరములకు సరిపడు సంస్థను నిర్మింపవలెనను ధోరణి ఆయన మాటలలో కానరాదు.

ఆయన చెప్పినవి కొలదిగా ఉన్నవి. ప్రార్థించునపుడు గదిలోనికి పోయి తలుపు వేసికొనుమనెను. మాటలు పెంచవలదనెను. కొలది వాక్యముల ప్రార్థన నొకదానిని నేర్పెను; అందును మన ఋణస్థులను మనము క్షమించిన రీతినే మమ్ము క్షమింపుమను కఠినమైన షరతును చేర్చెను. సమరయ దేశపు స్త్రీ బావియొద్ద ఏ పర్వతము పూజార్హమని అడిగినపుడు, ఆ పర్వతమును గాక యెరూషలేమును గాక, ఆత్మతోను సత్యముతోను చేయు ఆరాధనయే తండ్రి కోరునదని చెప్పెను. కడపటి రాత్రి రొట్టెను విరిచి, పాత్రను అందించి, తన జ్ఞాపకార్థము అట్లు చేయుడనెను. యోహాను సువార్త ప్రకారము ఆ రాత్రియే నడుమునకు తువాలు కట్టుకొని శిష్యుల పాదములను కడిగెను. ఒకరి పాదముల నొకరు కడుగవలెననియు చెప్పెను. ఈ రెండు ఆదేశములలో మొదటిది దాదాపు అన్ని క్రైస్తవ శాఖలకును పూజాకేంద్రమైనది. రెండవది అనేక శాఖలలో సంవత్సరమున కొకసారి జరుగు కర్మగా మిగిలినది. మరికొన్నిట అదియు లేదు. పాత్రను అందుకొనుట కంటె పాదమును పట్టుకొనుట మనుష్యునికి కష్టతరము కాబోలు.

వీనియన్నిటికంటె సూటియైనది కొండమీది ప్రసంగమున మత్తయి చేర్చిన ఒక చిన్న ఉపదేశము. కానుకను చేతబట్టుకొని బలిపీఠము నొద్దకు వచ్చిన వానికి, తనపై తన సోదరునికి ఏదో మనస్తాపమున్నదని అచ్చట జ్ఞప్తికి వచ్చినచో, కానుకను అక్కడనే విడిచి, పోయి, సమాధానపడి, తిరిగివచ్చి అర్పింపవలెనని దాని తాత్పర్యము. ఇందు రెండు సూక్ష్మములు గమనింపదగినవి. సోదరునిపై నాకు గల కోపమును గూర్చి ఆయన ఇచ్చట చెప్పుట లేదు. నాపై సోదరునికి గల ఫిర్యాదును గూర్చి చెప్పుచున్నాడు. రెండవది: కానుకను తిరిగి ఇంటికి కొనిపొమ్మనలేదు. అది పీఠము నొద్దనే యుండును. పూజ రద్దు కాలేదు, ఆగినది. గలిలయనుండి వచ్చిన రైతు యెరూషలేమున దీనిని పాటింపవలెనన్నచో కొన్ని దినముల ప్రయాణము చేసి పోయి, మరల అంతదూరము రావలెను. ఆ శ్రమయంతయు పూజలో భాగమేనని ఆయన భావము.

సామాన్య గృహమునుండి రాజసభకు

ఏసు అనంతరము ఆరాధన ఎట్లు మారినది? సుమారు 55వ సంవత్సరమున కొరింథు పట్టణపు సంఘమునకు పౌలు వ్రాసిన లేఖలో మొదటి దృశ్యము కనబడును. ఆ కాలమున ప్రభుభోజనము నిజముగా భోజనమే. ధనవంతులు ముందుగా వచ్చి తిని త్రాగి మత్తిల్లుచుండగా, పేదవారు ఆకలితో మిగిలిపోవుచుండిరి. పౌలు వారిని నిష్ఠురముగా మందలించి, వారు తినుచున్నది ప్రభువు భోజనమే కాదని తేల్చెను. వారు పలికిన ప్రార్థనలో తప్పున్నదని ఆయన అనలేదు. పంక్తిలో తప్పున్నది, దానితో పూజయంతయు చెడినది.

సుమారు 112లో బిథూనియా ప్రాంతపాలకుడైన ప్లీనీ తన చక్రవర్తి ట్రాజనునకు వ్రాసిన లేఖ మరియొక సాక్ష్యము. క్రైస్తవులు నియమిత దినమున తెల్లవారకమున్నే కూడి, క్రీస్తును దైవముగా కీర్తించి, దొంగతనము, వ్యభిచారము, నమ్మకద్రోహము చేయమని ప్రమాణము చేయుదురని విచారణలో తేలినదట. సుమారు 155లో రోములో జస్టిన్ అను తత్త్వవేత్త తన మతమును సమర్థించుచు వ్రాసిన గ్రంథమున ఆదివారపు కార్యక్రమమును వర్ణించెను. గ్రంథపఠనము, ప్రబోధము, ప్రార్థన, రొట్టె ద్రాక్షారసముల పంపకము, రాలేనివారికి వారి భాగమును ఇంటికి పంపుట, కలిగినవారు ఇచ్చిన ధనముతో అనాథలను, వితంతువులను, రోగులను, చెరలోనివారిని, పరదేశులను పోషించుట ఇవన్నియు ఒకే ఆరాధనకు అంగములుగా ఆయన చెప్పెను. సేవ పూజానంతరము చేయు వేరొక పనిగా అందు కానరాదు.

యూఫ్రటీసు తీరమున డూరా యూరోపోస్ అను పట్టణమున 1930 ప్రాంతపు త్రవ్వకములలో మూడవ శతాబ్దినాటి క్రైస్తవ గృహమొకటి బయల్పడినది. అది సామాన్యమైన ఇల్లు. రెండు గదుల నడిమి గోడను తీసివైచి సభాస్థలముగా మార్చిరి. మరియొక గదిలో స్నానసంస్కారమునకు తొట్టియు, గోడలపై చిత్రములును ఉన్నవి. కావున చిత్రములు తరువాతి కాలపు భ్రష్టత యనుటకు వీలు లేదు. 313లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలమున క్రైస్తవులకు పూజాస్వాతంత్ర్యము లభించిన పిమ్మట ఈ ఇల్లు చాలలేదు. రోమనుల న్యాయసభలు నడచు విశాలమండపముల నమూనాపై దేవాలయములు లేచినవి. రాజసభకు తగిన వస్త్రములు, ధూపములు, ఊరేగింపులు క్రమముగా ప్రవేశించినవి.

ఇది పతనమని వెంటనే తీర్మానింపవలదు. పన్నిద్దరు కూర్చున్న బల్లచుట్టు పన్నెండువేలమంది కూర్చుండజాలరు. చదువురాని తల్లికి గోడపై చిత్రమే గ్రంథము. దినమంతయు పొలమున శ్రమించినవానికి వారమున కొకసారి గానమును, దీపకాంతియు, ఎత్తైన కప్పును లభించుట చిన్న విషయము కాదు. మూర్తిపూజయొక్క మాధుర్యమెరిగిన మనకు ఈ సంగతి వేరుగా చెప్పవలసిన పని లేదు.

ఆడంబరమును తీసివైచినచో మూలమునకు చేరుదుమా? ఐరోపాలో ఈ ప్రయోగము కూడ జరిగినది. 1524లో జూరిచ్ నగరమున స్వింగ్లీ నాయకత్వమున దేవాలయములనుండి ప్రతిమలను తొలగించిరి, గోడలకు సున్నము కొట్టిరి, ఆర్గనువాద్యము మూగపోయెను. స్వింగ్లీ స్వయముగా సంగీతనిపుణుడు. కనుక ఆ త్యాగమున చిత్తశుద్ధి లేదనలేము. కాని 1527 జనవరిలో అదే నగరము, వయోజనులకే స్నానసంస్కారము తగునని పట్టుబట్టిన ఫెలిక్స్ మాంజ్ అను సోదర క్రైస్తవుని లిమ్మట్ నదిలో ముంచి చంపెను. పూజాస్థలము నిరాడంబరమయ్యెను, హృదయము కాలేదు.

ఇంగ్లండున 17వ శతాబ్దిలో జార్జి ఫాక్స్ బోధనలనుండి పుట్టిన క్వేకరులు మరియొక అడుగు ముందుకు వేసిరి. వారి సభలో అర్చకుడు లేడు, పాట లేదు, రొట్టె లేదు. అందరును మౌనముగా కూర్చుందురు. తలుపు మూసిన గదిని గూర్చిన ఉపదేశమునకు ఇంతకంటె దగ్గరగా వచ్చిన సంఘము లేదనిపించును. అయినను అమెరికాలో ఆ మౌనసభలలో కూర్చున్న పలువురకు బానిసలుండిరి. 1688లోనే పెన్సిల్వేనియా రాష్ట్రపు జర్మన్‌టౌనులో కొందరు బానిసత్వమునకు వ్యతిరేకముగా లిఖితపూర్వక నిరసన తెలిపిరి. జాన్ వుల్‌మన్ అను దర్జీపని చేయు సాధువు ఊరూర తిరిగి, బానిసల యజమానులైన తన మిత్రుల ఇండ్లలోనే వారితో సౌమ్యముగా వాదించెను. కడకు 1776లో ఫిలడెల్ఫియా సభ, బానిసలను విడువనివారికి తమలో స్థానము లేదని నిర్ణయించెను. మొదటి నిరసనకును ఈ నిర్ణయమునకును నడుమ ఎనుబదియెనిమిది సంవత్సరములు గడచినవి. మౌనము వారిని మేల్కొలిపినది. అంతవరకు అదే మౌనము వారికి నిద్రగా కూడ ఉపయోగించినది.

వేషమును గూర్చిన వాదము

మన దేశమున ఈ చర్చ తరచుగా వేరొక దారి పట్టును. క్రైస్తవారాధనలోని లోపము దాని పాశ్చాత్య వేషమే యనియు, బల్లలు తీసి చాపలు పరచి, ఆర్గను మాని తంబుర పట్టినచో క్రీస్తు తన ఆసియా స్వరూపమున దర్శనమిచ్చుననియు పలువురు హిందువులు తలచెదరు. ఆ ప్రయత్నములు గౌరవింపదగినవే. 1950లో కావేరీతీరమున కుళిత్తలై వద్ద ఇద్దరు ఫ్రెంచి సన్న్యాసులు, జూల్స్ మోన్షానెన్, హెన్రీ ల సో అనువారు, కాషాయము ధరించి శాంతివనాశ్రమమును స్థాపించిరి. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్లు దేవాలయమున, ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్పు అజరయ్య, ఈ దేశపు శిల్పరీతులకు చోటిచ్చెను. 1963లో రెండవ వాటికన్ మహాసభ దేశభాషలలో పూజ జరుపుటకు ద్వారము తెరచెను.

కాని వేషము మార్చినంత మాత్రమున ప్రశ్న తీరదు. మెదకు దేవాలయమును చూడుడు. అది పూర్తిగా ఐరోపా గోథిక్ శైలిలో, రంగుటద్దముల కిటికీలతో, ఆకాశమునంటు గోపురముతో నిలిచినది. చార్లెస్ వాకర్ పాస్నెట్ అను మిషనరీ దీనిని నిర్మింపించెను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. ఎండలు కాయు తెలంగాణపు పల్లెల మధ్య ఇట్టి కట్టడమేల యని అడుగవచ్చును. అయితే కరవు కాలమున ఆకలిగొన్నవారికి పని చూపి కూడు పెట్టుటకు ఆ నిర్మాణమే ఆధారమయ్యెనని ఆ ప్రాంతపువారు నేటికిని చెప్పుకొందురు. రాయి విదేశీయ రూపమున లేచినది. అన్నము ఆ యూరివారి కడుపున పడినది. గలిలయ వడ్రంగి దీనిని ఎట్లు చూచునో చెప్పుడనినచో, ఆయన మొదట గోపురము వంక కాక, దానిని కట్టిన కూలివాని ముఖమువంక చూచునని నాకు తోచుచున్నది.

దీనికి మారుగా, వేషమంతయు దేశీయమై, పాట తమిళమై, కూర్చుండుట నేలపైననైనను పంక్తి చెడిన సందర్భము కూడ కలదు. దక్షిణదేశపు సంఘములు కొన్నిటిలో కులము ననుసరించి వేరువేరుగా కూర్చుండుటయు, పాత్రను వేరువేరుగా పుచ్చుకొనుటయు ఆచారమై యుండెను. 1833లో కలకత్తా ఆంగ్లికన్ బిషప్పు డేనియల్ విల్సన్ ఈ భేదమును పూర్తిగా విడువవలెనని ఆజ్ఞాపింపగా, తంజావూరులో పలువురు ఆజ్ఞను గాక సంఘమునే విడిచిరి. కొరింథులో జరిగినదే ఇచ్చటను జరిగెను. హిందువునైన నేను ఇది చెప్పునపుడు తలవంచుకొని చెప్పవలెను. ఆ గోడ వారు తెచ్చినది కాదు. మన యింటినుండి వారి యింటికి పోయినది. అది ఈనాటికిని రెండిండ్లలోను పూర్తిగా కూలలేదు.

బేతనియలో అత్తరు

ఇంతవరకు చదివిన పాఠకుడు, "అట్లయినచో దీపములు, గానములు, గోపురములు అన్నియు వ్యర్థమేనా? ఆ ధనమును పేదలకు పంచుటయే ఏసు కోరిన ఆరాధనయా?" అని అడుగవచ్చును. ఈ ప్రశ్న సువార్తలోనే అడుగబడినది. అడిగినవారికి ప్రశంస లభింపలేదు. బేతనియ గ్రామమున, కుష్ఠరోగియైన సీమోను ఇంట భోజనమునకు కూర్చున్నపుడు ఒక స్త్రీ విలువగల జటామాంసి అత్తరుబుడ్డిని పగులగొట్టి ఏసు శిరస్సుపై పోసెను. మూడువందల దేనారములకు పైగా విలువచేయు దానిని అమ్మి పేదలకు ఈయక వ్యర్థము చేయనేల యని అచ్చటివారు సణిగిరి. దేనారమన ఆ కాలమున కూలివాని దినవేతనము. అనగా అది ఒక సంవత్సరపు కూలి. పేదల పక్షమున ఎల్లప్పుడు మాటలాడు ఏసు అప్పుడు ఆ స్త్రీ పక్షమున నిలిచెను. పేదలకు మేలుచేయు అవకాశము వారికి నిత్యమును ఉన్నదని గుర్తుచేసి, ఆమె చేసినది మంచి కార్యమనెను.

కావున ఆయనను కేవలము సంఘసేవకునిగా చేసి, భక్తిని నిరుపయోగ వ్యయముగా లెక్కించుట కూడ ఆయనను తప్పుగా గ్రహించుటయే. ప్రేమకు పొంగిపొరలు స్వభావము కలదు, అది లెక్కచూచుకొనదు. అయితే ఆ అత్తరునకును, చాల సంఘములు ఖర్చుపెట్టు ధనమునకును గల భేదమును గమనింపవలెను. ఆమె తన సొత్తును ఇచ్చెను. తన పేరును ఆ బుడ్డిపై చెక్కించుకొనలేదు. మార్కు సువార్తలో ఆమె పేరే లేదు. ఎవ్వరికిని కానుకలో భాగము తగ్గించి ఆమె ఈయలేదు. మరణము సమీపించిన ఒక మనుష్యుని యెదుట, మిగిలినవారు గ్రహింపని దుఃఖమును ఆమె గ్రహించి చేసినది. గానమునకైనను, దీపమునకైనను, తెరపై వెలుగు అక్షరములకైనను ఈ గుణమున్నచో వానిని ఏసు త్రోసిపుచ్చునని నేను అనుకొనను.

ఈ రెంటిని ఒకే జీవితమున కలిపినవాడు పైన పేర్కొన్న ష్వైట్జరే. ఆయన పండితుడు, అంతకుమించి ఆర్గనువాద్యమున నిపుణుడు, బాఖ్ సంగీతముపై 1905లో గ్రంథము వ్రాసినవాడు. ముప్పది యేండ్లు దాటిన పిమ్మట వైద్యవిద్య నభ్యసించి, 1913లో భార్యతో కూడ ఆఫ్రికాలోని లాంబరెనేకు పోయి ఆసుపత్రి స్థాపించెను. ఆ ఆసుపత్రికి కావలసిన ధనము కొరకు ఐరోపాకు తిరిగివచ్చి దేవాలయములలో ఆర్గను వాయించెను. భారతీయ తత్త్వమును గూర్చి ఆయన వ్రాసిన విమర్శతో మనము ఏకీభవింపనక్కరలేదు. ఆఫ్రికావారియెడ ఆయన ధోరణిలోని పెద్దరికమును నేటివారు విమర్శించుటయు న్యాయమే. అయినను ఆర్గనుస్వరము రోగియొక్క గాయమునకు కట్టుగా మారిన ఈ ఉదాహరణము ముందు, వాద్యముండవచ్చునా కూడదా యను వాదము చిన్నబోవును.

పండుగనాటి రాత్రి

కొన్ని హిందూ సన్న్యాసిమఠములలో, మా మఠమునందును, డిసెంబరు 24వ తేదీ సాయంకాలము క్రీస్తుపటము నెదుట దీపములు వెలిగించి, ఫలములు, కేకు నివేదించి, సువార్తపఠనము చేయుట ఆచారము. కావున ఆ విద్యార్థి ప్రశ్న మాకును వర్తించును. ఏసు కేకు కోరెనా? పటము కోరెనా?

గత సంవత్సరము కొండమీది ప్రసంగమును తెలుగున చదువు భారము నాపై పడినది. దానికి రెండు దినములు ముందు, మా పత్రికకు అక్షరములు కూర్చు వృద్ధ ఉద్యోగిని, నలుగురి యెదుట, తప్పుల కొరకు కఠినముగా మందలించి యుంటిని. ఆ రాత్రియే చూడగా వానిలో సగము తప్పులు నా వ్రాతప్రతిలోనివే. ఆ సంగతి ఎవ్వరికిని చెప్పలేదు. పండుగ పనులలో మరచితిననియే అనుకొంటిని. పఠనము సాగుచుండగా, బలిపీఠము నొద్ద కానుకను విడుచువాని ప్రస్తావన వచ్చెను. ఆ వాక్యములను ఎన్నియో సారులు చదివినవాడను, అనువదించినవాడను, వానిలోని క్రియాపదమును గూర్చి మిత్రులతో వాదించినవాడను. ఆనాడు కంఠము నిలిచిపోయెను. లేచిపోవు ధైర్యము నాకు లేకపోయెను. చదువుట ముగించితిని, హారతి అయ్యెను, ప్రసాదము పంచితిని. ఏసు చెప్పినదానికి సరిగా విరుద్ధముగా, కానుకను సమర్పించి, సోదరుని విడిచితిని.

తెల్లవారిన పిమ్మట ఊరికి ఆవలనున్న వారి ఇల్లు వెదకికొని పోతిని. ఆయన కంగారుపడి, "అయ్యో స్వామీజీ, కబురు చేసినచో నేనే వచ్చియుందునే" అని కుర్చీ తుడిచెను. తప్పు నాదని చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "ఇంటికి వచ్చి మా మనుమరాలితో చెప్పుకొని బాధపడితిని" అని మాత్రము అనెను. ఆ మాట మందలింపు కంటె ఎక్కువగా తగిలినది. ఆమె ఇచ్చిన కాఫీ త్రాగి తిరిగివచ్చితిని. ఆనాటి ఉదయమున నేను వేరే పూజ చేయలేదు; చేయవలెనని తోచనూ లేదు.

జనవరిలో ఆ విద్యార్థి మరల వచ్చినపుడు ఈ చరిత్రనంతయు, కడపట ఈ సంగతిని కూడ, అతనికి చెప్పితిని. "ఆయన మీ గుడిలో వెనుక వరుసలో కూర్చున్నచో ధ్వనివర్ధకములను గూర్చి ఏమియు అనకపోవచ్చును. అవి ఎట్టివైనను ఆయన ప్రశ్న ఒక్కటే: నీపై ఫిర్యాదు గలవాడు ఎవ్వడు? వాడు ఈ పంక్తిలో ఎక్కడ ఉన్నాడు? ఈ ప్రశ్నను అడుగనిచ్చు ఆరాధన ఆయన కోరినది. దానిని వినబడకుండ చేయునది, గానమైనను మౌనమైనను, ఆయన కోరినది కాదు" అంటిని.

అతడు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట తలవంచుకొని, "మా నాన్నగారికి మా పెదనాన్నగారితో ఆరేండ్లుగా మాటలు లేవు, స్వామీజీ. పొలము గట్టు దగ్గర వచ్చిన తగవు. ఇద్దరును ప్రతి నెలయు ఒకే బల్లనుండి రొట్టె పుచ్చుకొందురు. అటొకరు, ఇటొకరు మోకరించుదురు. నేను మిమ్ము మొదట అడుగవచ్చినది ఇదియే, అడుగలేక దీపములను గూర్చి అడిగితిని" అనెను.

నేను ఉపదేశమేమియు చేయలేదు. పెదనాన్నగారితో నీకు మాటలున్నవా యని మాత్రము అడిగితిని. లేవనెను. ఆ ఊరికి సాయంకాలము బస్సున్నదని చెప్పి, చేతిలోని పుస్తకమును బల్లపై పెట్టి, లేచిపోయెను. అది మా గ్రంథాలయపు పుస్తకము. గడువు దాటియు ఇంకను అతని పేరిటనే యున్నది. తిరిగి వచ్చినపుడు తీసికొనునని దానిని ఎవ్వరికిని ఈయక అట్లే యుంచితిని.